తొమ్మిది రాపులు

గజపతినగరంలో మా సావుకారి కలప డిపోకి మిషను రంపం వచ్చేనాటికి నాకు ఇరవై ఆరేళ్ళు. అరవైల చివరి రోజులవి. అంతకుముందు ధాన్యం మిల్లులో ఆయిల్ ఇంజను చూసుకునేవాణ్ణి. ఇంజను చప్పుడు విని జబ్బెక్కడో చెప్పేస్తానని ఊళ్ళో పేరుండేది. ఆ పేరు వినే సావుకారు నన్ను డిపోలోకి తెచ్చుకున్నాడు.

డిపోలో కోత మేస్త్రి మా బావ, మా అప్ప మొగుడు. మా వైపు అక్కని అప్ప అంటాం. అమ్మ పోయాక నన్ను పెంచింది అప్పే. పెళ్ళై అత్తారింటికి వచ్చినప్పుడు నన్నూ వెంట తెచ్చుకుంది. బావ ఒక్కనాడు కాదనలేదు. వాళ్ళకి పిల్లలు నిలవలేదు. ఇంట్లో ముగ్గురమే ఉండేవాళ్ళం.

బావది గొయ్యి రంపం. దుంగని గోతి మీద అడ్డంగా పెట్టి, ఒకడు పైన, ఒకడు కింద గోతిలో నిలబడి లాగే పెద్ద రంపం అది. బావ పైన నిలబడేవాడు. సున్నపు తాడుతో కొట్టిన గీతని దాటి రంపం ఇటూ అటూ పోయేది కాదు. పొద్దున్నే పనిలోకి దిగేముందు పళ్ళ మీద బొటనవేలు మెల్లగా నడిపించేవాడు. ఏ పన్ను మొద్దుబారిందో, ఏది పక్కకి ఒరిగిందో కళ్ళతో చూడకుండానే చెప్పేవాడు. ఆ వేలు చివర చర్మం కొబ్బరిచిప్పలా గట్టిపడిపోయి ఉండేది.

కొండల మీద కొత్త రైలు లైను పని అయిపోయింది. ఆ పనికి తెచ్చిన సామాన్లు విజయనగరంలో ఒక యార్డులో అమ్మేస్తున్నారని సావుకారికి తెలిసింది. అడవిలో చెట్లు కొయ్యడానికి వాడిన మిషను రంపాలు కూడా అందులో ఉన్నాయట. నన్నూ బావనీ లారీలో కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళాడు.

రేకుల షెడ్డు కింద రెండు రంపాలున్నాయి. ఒకటి పెద్దది, బరువు. ఇంజను తిప్పే తిప్పుడు గేర్ల గుండా వెళ్ళి, గొలుసు నెమ్మదిగా తిరుగుతుంది. రెండోది చిన్నది. గేర్లు లేవు. ఇంజను ఎంత వేగంగా తిరిగితే గొలుసూ అంత వేగంగా తిరుగుతుంది. రెండిటినీ స్టార్ట్ చేసి చూశాను. పెద్దది గురకపెట్టినట్టు మోగింది. చిన్నది కేకపెట్టింది. షెడ్డు బయట నిలబడ్డ ఎద్దులు రెండూ బండితో సహా వెనక్కి జరిగాయి.

బావ పెద్దదాన్ని ఎత్తి, దించి, గొలుసు మీద వేలు పెట్టి చూశాడు. "ఇది తీసుకుందుము. ఎద్దునాగ పోతాది. మనిసి మాట ఇంటాది" అన్నాడు.

"అది పాతకాలంది బావా. రోజుకి నాలుగు సెట్లు కొయ్యదు. ఇది సూడు, గాలినాగ పోతాది" అన్నాను నేను.

"గాలికి కళ్ళెమేటి రా?"

సావుకారు ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. "మేస్త్రీ, రంపం సంగతి నీకు తెలుసు గాని ఇంజన్ సంగతి మీ బావమరిదికి తెలుసు. ఆడు సెప్పిందే కొందాం" అన్నాడు. బావ పెద్ద రంపాన్ని తిరిగి దాని చోట పెట్టేశాడు. తిరిగి వచ్చేటప్పుడు లారీలో ఆ చిన్న రంపాన్ని గోనెసంచిలో చుట్టి, కుదుపులకి దెబ్బ తగలకుండా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నది ఆయనే.

మిషనుతో పాటు ఒక చిన్న పుస్తకం వచ్చింది. అందులో భాష ఏమిటో మాకు తెలియదు. బొమ్మలున్నాయి. ఆ బొమ్మలు చూసి, చెయ్యి కాల్చుకుని, నేర్చుకున్నాను. పెట్రోల్లో ఎంత ఆయిల్ కలపాలో, ఎక్కువైతే ప్లగ్గు ఎలా నల్లబడుతుందో, తక్కువైతే ఇంజను ఎలా వేడెక్కిపోతుందో తెలిసింది. గాలి లోపలికి పోయే జల్లెడని పూటపూటకీ విప్పి పొట్టు దులిపేవాణ్ణి. రాత్రంతా గొలుసుని ఆయిల్లో నాననిచ్చేవాణ్ణి. గొలుసు పరుగెత్తే ఇనుప పట్టీ ఒకే పక్క అరిగిపోకుండా వారానికోసారి తిరగేసి బిగించేవాణ్ణి. అడవిలో మేం కోసే గుగ్గిలం కర్ర రాయిలాంటిది. ఒక ట్యాంకు పెట్రోలు అయ్యేసరికి పళ్ళు మొద్దుబారేవి. చెట్టు మొదట్లో కూర్చుని గుండ్రటి ఆకురాయితో ఒక్కో పన్నూ రుద్దేవాణ్ణి.

బావ మొదట్లో దాన్ని ముట్టలేదు. నెల తిరిగేసరికి ఆయనే పట్టుకోవడం మొదలుపెట్టాడు. చెట్టు ఎటు పడాలో, కోత ఎక్కడ పెట్టాలో నాకు తెలియదు. నేను కోస్తే చెట్టు రంపం మీదే కూర్చునేది. ఆయన కోస్తే చెప్పినట్టు పడేది. అలా మాకొక ఒప్పందం కుదిరింది. మిషను మంచిచెడ్డలు నావి, కోత ఆయనది.

సాలూరు దాటి, పాచిపెంట దాటి, కొండ మొదట్లో సావుకారు ఒక కూపు పాడుకున్నాడు. కూపు అంటే అడవిలో నరకడానికి సర్కారు వేలంలో ఇచ్చే వంతు. రైలు పట్టాల కింద వేసే స్లీపర్లకి గుగ్గిలం కావాలి. వానలు పడేలోగా దుంగలన్నీ దించెయ్యాలి. సావుకారు తొందరపెట్టాడు, నిజమే. కానీ నేను చేసిన పనికి ఆయన తొందర కారణం కాదు. సాలూరు నుంచి, బొబ్బిలి నుంచి మా మిషను చూడ్డానికి మనుషులు వచ్చేవాళ్ళు. కోస్తున్నది బావ అయినా, "దీన్ని తయారుసేసింది ఈడే" అని నన్ను చూపించేవాళ్ళు. ఆ మాట మళ్ళీ మళ్ళీ వినాలనిపించేది.

ముందు పొగ బయటికి పోయే డబ్బాకి కన్నం పెద్దది చేశాను. ఇంజనుకి ఊపిరాడింది. తర్వాత విజయనగరంలో లేతు మీద, గొలుసుని తిప్పే పళ్ళచక్రం ఒకటి చేయించాను. ఏడు పళ్ళుండే చోట ఎనిమిది. గొలుసు ఇంకా జోరందుకుంది. కార్బురేటర్ స్క్రూని వెంట్రుకవాసి తిప్పుతూ, చప్పుడు వింటూ, పూటలు గడిపేశాను. చేసిన ప్రతిదానికీ ఫలితం కనిపించేది. ఒక చెట్టుకి పట్టే సమయం అలా తగ్గుతూ పోయింది.

మిగిలింది గొలుసు. దాని గురించి కొంచెం చెప్పాలి. మిషను రంపం గొలుసులో ప్రతి పన్ను ముందూ ఒక చిన్న మెట్టు ఉంటుంది. అది కొయ్యదు. పన్ను కర్రలోకి ఎంత లోతు దిగాలో అంతే దిగనిస్తుంది. పన్ను అరిగేకొద్దీ మెట్టుని కూడా చదును ఆకురాయితో కాస్త కాస్త తగ్గించాలి. ఎంత తగ్గించాలో కొలవడానికి ఒక రేకు ఉంటుందని పుస్తకంలో బొమ్మ ఉంది. ఆ రేకు మాకు రాలేదు. నేను చేతి అంచనాతో వెళ్ళాను. మెట్టుకి మూడు రాపులు రుద్దితే పొట్టు బదులు చిన్న చిన్న పేళ్ళు లేచాయి. అయిదు రుద్దితే పెద్ద పేళ్ళు వచ్చాయి. ఒక ఆదివారం డిపోలో ఎవరూ లేనప్పుడు కూర్చుని, ఒక్కో మెట్టుకి తొమ్మిది రాపులు రుద్దాను.

నేలమీద పడి ఉన్న దుంగ మీద పెట్టి చూశాను. రంపం కర్రలోకి దూకింది. అంత జోరుగా అది కొయ్యడం నేనెప్పుడూ చూడలేదు. వెన్నంటే ఇంకొకటి కూడా తెలిసింది. పట్టీ కొసన ఉండే ముక్కు కర్రకి ఆనినప్పుడు మిషను నా మణికట్టులో ఒక్కసారి ఎదురు తన్నింది. గట్టిగా పట్టుకుంటే ఆగింది. బలం ఎక్కువైంది కదా, అంతే అనుకున్నాను. అలా అనుకున్న క్షణం నాకు బాగా గుర్తు. చెయ్యి దులుపుకుని, మళ్ళీ ఆనించి చూడకుండా, మిషను ఆపేశాను.

మర్నాడు కూపుకి వెళ్ళాం. ముందు వారమే గుర్తుపెట్టిన చెట్టొకటి ఉంది. ఇద్దరు మనుషులు చేతులు కలిపినా చుట్టు అందని గుగ్గిలం. దాని మొదట్లో పసుపు రాసి, దారాలు చుట్టి ఉన్నాయి. దగ్గర్లోని కొండగూడెం పెద్దాయన మాకు ఎదురొచ్చి, "ఇది ఒద్దు బాబూ. ఇక్కడ అమ్మోరున్నాది" అన్నాడు. చెట్టు మీద ఫారెస్టు గార్డు కొట్టిన సుత్తి ముద్ర ఉంది. ముద్ర పడ్డ చెట్టు కొయ్యక తప్పదని బావ ఆయనకి చెప్పి, చెప్పులు విడిచి, చెట్టుకి దండం పెట్టాడు. చుట్టిన దారాలు తెంపకుండా ఊడదీసి పక్క చెట్టుకి కట్టాడు.

తర్వాత మిషను చేతికి తీసుకుని, అలవాటు ప్రకారం గొలుసు మీద బొటనవేలు నడిపించాడు. వేలు ఆగింది.

"ఏటిరా ఇది? ముందు మెట్టేదీ?"

"కొంచెం దించినాను బావా. బేగి తెగుతాది."

"కొంచెమేటి, ఉన్నాదో నేదో తెలీకుండా రుద్దీసినావు. పన్నుకి పట్టపగ్గాల్లేకుండా పోనేదూ?"

"నిన్న నాను కోసి సూసినాను. బాగున్నాది. నువ్వే సూడు."

ఆయన నా వంక చూశాడు. రంపాల గురించి నాకంటే ఆయనకే ఎక్కువ తెలుసని మా ఇద్దరికీ తెలుసు. కానీ ఇది మిషను రంపం. మిషను సంగతి నాది. "నువ్వు సూసినావు గదా, మరేటి" అని తాడు లాగి స్టార్ట్ చేశాడు. ముక్కు ఆనితే తన్నుతుందని చెప్పడానికి నాకు ఒక్క నిమిషం సమయముంది. చెప్తే, బాగుంది అన్న మాట వెనక్కి తీసుకున్నట్టవుతుంది. నేను చెప్పలేదు.

చెట్టు అద్భుతంగా కోతకొచ్చింది. కూలీలు పని ఆపి చూశారు. అది చెప్పినచోటే పడింది. బావ నా వంక తిరిగి నవ్వాడు. తర్వాత కొమ్మలు కొట్టడానికి దిగాడు. నేను పెట్రోలు డబ్బా తేవడానికి పదడుగులు పక్కకి వెళ్ళాను.

నేను చూడలేదు, విన్నాను. కర్రలో ఉన్న రంపం చప్పుడు బరువుగా ఉంటుంది. కర్ర వదిలేస్తే సన్నగా, పైకి లేస్తుంది. ఆ చప్పుడు హఠాత్తుగా పైకి లేచింది. తిరిగి చూసేసరికి బావ కొమ్మల మధ్య కూర్చుని ఉన్నాడు. ఆకుల వెనక కనపడని ఒక కొమ్మకి పట్టీ ముక్కు తగిలింది. మిషను ఆయన ఎడమ భుజం, మెడ కలిసే చోటికి ఎగిరింది. అది ఆయన చేతుల్లోంచి జారి ఆకుల్లో పడి, ఇంకా తిరుగుతూనే ఉంది.

నేను ముందు మిషను దగ్గరికి వెళ్ళాను. వంగి, స్విచ్చి నొక్కి, ఆపాను. తర్వాత ఆయన దగ్గరికి వెళ్ళాను. రెండిటికీ మధ్య మూడు నాలుగు అంగలే ఉంటాయి. అయినా ముందు వెళ్ళింది అటే.

తువ్వాలు పెట్టి అదిమి, లారీలో దుంగల మీద పరిచిన గోనెసంచుల మీద పడుకోబెట్టాం. కొండ దారి. లారీ వేగంగా పోలేదు. ఆయన తల నా ఒళ్ళో ఉంది. ఒకసారి కళ్ళు తెరిచి, "మిషను ఆపినావా?" అన్నాడు.

"ఆపినాను బావా."

తల ఊపాడు. సాలూరు ఇంకా రెండు మలుపులుందనగా పోయాడు.

ఆ మాట నేను ఇంట్లో చెప్పలేదు. పోయేముందు ఏమన్నాడు అని అప్ప అడిగితే, "నీ గురించే అడిగినాడు" అన్నాను.

పోలీసులు మర్నాడు మిషను చూడ్డానికి వస్తారని సావుకారు కబురు పంపాడు. తెల్లవారగానే డిపోకి వెళ్ళాను. పళ్ళచక్రం మూత విప్పితే లోపల ఆయిలు, కర్రపొట్టు, వాటిలో కలిసి బావ చొక్కా నీలం దారాలు. దువ్వెనకి వెంట్రుకలు చుట్టుకున్నట్టు చుట్టుకుని ఉన్నాయి. ఒక్కొక్కటే తీశాను. గొలుసు విప్పేశాను. మిషనుతో వచ్చిన రెండో గొలుసు, నేను ఎప్పుడూ మెట్లు ముట్టనిది, ఉండేది. దాన్ని బిగించాను. తీసిన గొలుసుని తువ్వాల్లో చుట్టుకుని చంపావతి వంతెన మీదికి నడిచి వెళ్ళి నీళ్ళలో వేశాను. వంతెన మీద గేదెల్ని తోలుకెళ్తున్నవాడొకడు, "ఏటి బాబూ పడేసినావు?" అన్నాడు. "పాత ఇనుము" అన్నాను.

హెడ్ కానిస్టేబుల్ వచ్చి, నడిపి చూపించమన్నాడు. నడిపాను. దుంగలోకి రంపం బుద్ధిగా, తిన్నగా దిగింది. ఆయన ముక్కు ఆనించి చూడమన్నాడు. ఆనించాను. కొంచెం కదిలింది, అంతే. సావుకారు అందరికీ వినపడేలా, "మిషన్లో ఏ దోసమూ లేదు. అమ్మోరి సెట్టు ముట్టుకున్నాం, ఆమె తీసుకుపోయింది" అన్నాడు. కూలీలు చేతులు జోడించారు. ఆ సాయంకాలానికి ఊరంతా అదే మాట. ఆ మాట పుట్టించింది సావుకారు కాదు. గొలుసు మార్చిన చెయ్యి పుట్టించింది.

అప్ప నమ్మింది. నమ్మకపోవడానికి ఆమెకి కారణం లేదు. దినాలు గడిచాక, రోజూ పొద్దున్న వాకిలి ఊడుస్తూ ఊడుస్తూ ఆగి, చీపురు పట్టుకుని కొండలున్న దిక్కుకి తిరిగేది.

"ఏటి సేసినాడే ఆడు నీకు? సెప్పులిప్పి దండం పెట్టినాడు గదే! నీ దారాలు తెంపనేదు గదే! గుడ్డిదానివేటే నువ్వు? నీ కొండ తగలబడిపోను. నీకు దీపమెట్టినోడు నేకపోను. నీ పేరు పలికే నోరు నేకపోను!"

నేను గట్టు మీద కూర్చుని పళ్ళు తోముకుంటూ వినేవాణ్ణి. మొదటి రోజు చెప్పేద్దామని నోరు తెరిచాను. నోట్లో బొగ్గుపొడి ఉంది. ఉమ్మేసి వచ్చేసరికి ఆమె లోపలికి వెళ్ళిపోయింది. రెండో రోజు చెప్పడం మొదటి రోజు కంటే కష్టమైంది. పది రోజులయ్యాక ఇంక ఎలా చెప్పాలో తెలియలేదు.

ఆ మిషనుని ఇంకెవరూ ముట్టలేదు. సావుకారు నన్నే కొయ్యమన్నాడు. బావ కోత పెట్టే తీరు గుర్తుచేసుకుంటూ కోశాను. ఏడాది పొడుగునా కోశాను. కర్రలోంచి రంపం బయటికొచ్చిన ప్రతిసారీ చప్పుడు పైకి లేచేది. నా మెడ దానంతటదే పక్కకి ఒరిగేది. కూలీలు దాన్ని చూసి, అమ్మోరు నన్ను కూడా పట్టిందనుకున్నారు. మిల్లులో బెల్టు జారినా అదే చప్పుడు. మోటారు సైకిలు దూరంగా గేరు మార్చినా అదే. ఒకసారి విజయనగరం స్టేషన్లో ఇంజను ఆవిరి వదిలితే ప్లాట్‌ఫారం మీద చెవులు మూసుకుని కూర్చుండిపోయాను. టీ అమ్మేవాడు వచ్చి భుజం తట్టాడు.

చప్పుడు కంటే ఘోరమైంది లెక్క. అప్ప రోట్లో పచ్చడి నూరుతుంటే రాపులు లెక్కపెట్టేవాణ్ణి. చీపురు నేలమీద గీసే గీతలు లెక్కపెట్టేవాణ్ణి. మంగలి కత్తి తోలు మీద నూరుతుంటే లెక్కపెట్టేవాణ్ణి. ఎనిమిది దాకా మామూలుగా ఉండేది. తొమ్మిదోది వినకుండా లేచి వెళ్ళిపోయేవాణ్ణి. సగం గడ్డంతో మంగలి పీట మీంచి లేచిపోయాననీ, నాకు మతి చెడిందనీ ఊళ్ళో చెప్పుకున్నారు.

నా వాలకం చూసి అప్ప భయపడింది. ఆమె తిట్లు ఆగిపోయాయి. ఒకరోజు నాకు చెప్పకుండా పాచిపెంట దాకా బస్సులో, అక్కణ్ణుంచి కొండదాకా నడిచి వెళ్ళి, కోడిని ఇచ్చి, పసుపు దారం తెచ్చింది. నా కుడి మణికట్టుకి కట్టింది.

"ఆయన్ని తీసుకుంది, సాల్దా? నిన్ను కూడా ఎక్కడ తీసుకుపోతాదోనని భయంగున్నాదిరా. ఆ మిషన్ తెచ్చింది నువ్వే గదా. తప్పయిపోయినాది, తిట్టినాను, నా నోటికి నన్నేటైనా సెయ్యి గాని నా తమ్ముడి జోలికి రాకు అని మొక్కినాను" అంది.

ఆ దారంతో నేను మరో మూడు నెలలు తిరిగాను. మంగళవారాలు ఆమె తిండి మానేసింది. నా కోసమే. ఒక మంగళవారం మధ్యాహ్నం కూపు నుంచి ఆకలిగా వచ్చి కూర్చున్నాను. గంటి అన్నం, అంటే సజ్జన్నం, ఎండుచేపల పులుసు పెట్టి, తను గోడకి ఆనుకుని కూర్చుంది. బాగా చిక్కిపోయింది. చేతి గాజులు లేని చోట ఎముక కనిపిస్తోంది. ముద్ద నోటి దాకా వెళ్ళలేదు.

"అప్పా, అమ్మోరు కాదు."

"ఏటి?"

"బావని తీసుకుంది అమ్మోరు కాదు. నాను."

చెప్పాను. మెట్టు అంటే ఏమిటో, రాపు అంటే ఏమిటో, కంచం అంచు మీద వేలితో గీసి చూపించి చెప్పాను. బావ అడిగిందీ, నేను చెప్పనిదీ, వంతెనా, నీళ్ళూ, పోలీసులకి నడిపి చూపించిన రెండో గొలుసూ, అన్నీ చెప్పాను. అంతా అయ్యాక అడిగింది.

"నా గురించే అడిగినాడన్నావు. అదీ అబద్దమేనా?"

"మిషను ఆపినావా అన్నాడు. అంతే."

ఆమె నా కంచం వంక చూసింది. ఏడుస్తుందనుకున్నాను, కొడుతుందనుకున్నాను. ఆమె గొంతు మామూలుగానే వచ్చింది.

"రుద్దినావు, తెలీక రుద్దినావు. భయపడి దాసినావు. పోనీ. రోజూ పొద్దున్న నీ ఎదురుగుండా నిలబడి ఆ తల్లిని నానా మాటలూ అన్నాను. నీ ముందే అన్నాను. నువ్వు పళ్ళు తోముకుంటా ఇన్నావు. తర్వాత ఎల్లి ఆమె కాళ్ళు పట్టుకున్నాను, నీ కోసం. అదీ సూసినావు. ఎలగ సూసినావురా?"

ఆమె లేచి కత్తిపీట తెచ్చింది. నా చెయ్యి పట్టుకుని మణికట్టు కింద దాని అంచు పెట్టి, దారం కోసేసింది. దారాన్ని కొంగున ముడి వేసుకుంది. మర్నాడు మధ్యాహ్నం రైలుకి ఆమదాలవలస వెళ్ళిపోయింది. అక్కడికి దగ్గర పల్లెలో బావ తల్లి ఒక్కతే ఉండేది.

సావుకారికి కూడా చెప్పాను. ఆయన తలుపు దగ్గరికి వేసి, "ఇంకెవరికైనా సెప్పినావా?" అని అడిగాడు. అప్పకి చెప్పానన్నాను. "ఆమె సెప్పదు. నువ్వూ ఊరుకో. పోయినోడు తిరిగొస్తాడేటి?" అన్నాడు. పోలీస్ స్టేషనుకి వెళ్ళి వరండాలో అరగంట కూర్చున్నాను. అప్పటి హెడ్ కానిస్టేబుల్ బదిలీ అయిపోయాడు. కొత్తాయన నా మాట సగం విని, ముగిసిపోయిన దాన్ని ఎందుకు తవ్వుతావని ఇంటికి పంపేశాడు. ఇంకా గట్టిగా చెప్పి ఉండొచ్చు. నేను లేచి వచ్చేశాను.

డిపోలో పని మానేశాను. సావుకారు ఆ మిషనుని రాయగడ వైపు ఒకతనికి అమ్మేశాడు. అప్పగించడానికి నన్నే పిలిచాడు. వెళ్ళి ఎనిమిది పళ్ళ చక్రం తీసేసి పాత ఏడు పళ్ళది బిగించాను. కొన్నతనికి గొలుసు చూపించి, ఈ మెట్టు ఎందుకుందో, దాన్ని తగ్గిస్తే ఏమవుతుందో, ఒక మనిషి ఎలా పోయాడో పేరు చెప్పకుండా చెప్పాను. అతను శ్రద్ధగా విన్నాడు. అంతా విని, వంగి మెట్టుని వేలితో తడిమాడు.

"అంటే దీన్ని అరగదీస్తే బేగి తెగుతాదన్నమాట" అన్నాడు.

ఆ మనిషి మిషనుని జీపులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత రాయగడ వైపు నుంచి వచ్చిన ఎవరు కనపడినా, అక్కడ కూపుల్లో ఏమైనా జరిగిందా అని అడిగేవాణ్ణి. ఏమీ వినలేదు. వినకపోవడం వల్ల మనసేమీ నెమ్మదించలేదు.

పొలాల్లో నీళ్ళ ఇంజన్లు బాగుచేస్తూ బతికాను. దాదాపు రెండేళ్ళకి ఆమదాలవలస నుంచి ధాన్యం లారీ డ్రైవరు ఒకడు కబురు తెచ్చాడు. వచ్చే మంగళవారం పొద్దున్న సాలూరు బస్టాండులో ఉండమని మీ అప్ప చెప్పింది అన్నాడు.

వెళ్ళాను. ఆమె బుట్టలో కోడిని పెట్టుకుని నిలబడి ఉంది. నన్ను చూసి బస్సెక్కింది. పాచిపెంట తర్వాత నడక. ముందు ఆమె, వెనక నేను. దారి ఆమెకి నాకంటే బాగా తెలుసు. చెట్టు మొద్దు దగ్గర కొండగూడెం వాళ్ళు రాళ్ళు పేర్చి, కొత్త దారాలు కట్టారు. ఆమె చెప్పులు విప్పింది. నేనూ విప్పాను.

"సెప్పు" అంది. "నాకు కాదు, ఆమెకి సెప్పు."

పగటి ఎండలో, కొండమీద, ఒక మొద్దు ముందు నిలబడి మాట్లాడడం ఎంత సిగ్గుగా ఉంటుందో నాకు అప్పుడు తెలిసింది. ఇంట్లో అప్పకి చెప్పినప్పుడు మాటలు వాటంతటవే వచ్చాయి. ఇక్కడ ఒక్కొక్కటీ లాక్కోవాల్సి వచ్చింది. తప్పు నాది, నీ మీద పడనిచ్చాను అన్నాను. ఇంకా ఏవో అన్నాను. ఎక్కడా ఆకు కదల్లేదు. నా గొంతు నాకే పరాయివాడి గొంతులా వినిపించింది.

నేను ఆగాక అప్ప మొదలుపెట్టింది. వాకిట్లో చీపురు పట్టుకుని తిట్టిన తిట్లు ఆమెకి అన్నీ గుర్తున్నాయి. ఒక్కొక్కటే వెనక్కి తీసుకుంది.

"నిన్ను గుడ్డిదానివన్నాను తల్లీ. కాదు. నీ కొండ తగలబడిపోను అన్నాను. పచ్చగుండాల. నీకు దీపమెట్టినోడు నేకపోను అన్నాను. ఇంటికొక్కడుండాల. నీ పేరు పలికే నోరు నేకపోను అన్నాను..."

అక్కడ ఆగి, కొంగుతో మొహం తుడుచుకుంది. మళ్ళీ మొదలుపెట్టి, చివరి తిట్టు దాకా చెప్పింది. కొన్ని నేను విననివి కూడా ఉన్నాయి. నేను కూపుకి వెళ్ళిపోయాక, ఒంటరిగా ఉన్నప్పుడు తిట్టినవి కాబోలు. కొంగు ముడి విప్పి, నా చేతి నుంచి కోసిన దారాన్ని రాళ్ళ మధ్య పెట్టింది. కోడిని కొయ్యలేదు. వదిలేసింది. అది కొంచెం దూరం పరుగెత్తి, ఆగి, నేల గీరుకోవడం మొదలుపెట్టింది.

సాలూరు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. బొబ్బిలి బస్సు ముందు వచ్చింది. ఆమె ఎక్కి, కిటికీ పక్కన కూర్చుని, "ఎల్తన్నాను" అంది. మా వైపు ఎవరూ అలా చెప్పి వెళ్ళరు. ఎల్లొస్తాను అంటారు. ఎక్కడో పొరపాటు విన్నానేమోనని ఆ మాటని చాలా ఏళ్ళు మనసులో తిప్పి తిప్పి చూసుకున్నాను. పొరపాటు లేదు.

నా పెళ్ళికి రాలేదు. మా రెండో పిల్ల పుట్టినప్పుడు వచ్చి పదిహేను రోజులుంది. బాలింత పత్యం తనే వండింది, పిల్లకి నూనె రాసి నీళ్ళు పోసింది, నా భార్యతో కబుర్లు చెప్పి నవ్వింది. నాతో కావలసినంత వరకే మాట్లాడింది. ఒక మధ్యాహ్నం నేను వాకిట్లో ఎవరిదో నీళ్ళ ఇంజను వాల్వుని ఆకురాయితో సరిచేస్తున్నాను. ఆమె పిల్లని భుజాన వేసుకుని గుమ్మంలోకి వచ్చి నిలబడింది. నా చెయ్యి ఆగిపోయింది. ఆమె వెళ్ళిపోలేదు. పిల్ల వీపు మీద నెమ్మదిగా తడుతూ, "పని కానీ" అంది. నేను పని చేసుకున్నాను. అయ్యేదాకా ఆమె అక్కడే నిలబడి, నా చేతుల వంక చూస్తూనే ఉంది.